టైప్ హింట్స్‌తో ఐదేళ్లు

పైథాన్‌లో టైప్ హింట్స్ (ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో కోడ్‌లోనే రాసుకునే గుర్తులు) 2015లో 3.5 వెర్షన్‌తోనే వచ్చాయి. నేను మాత్రం చాలాకాలం వాటి జోలికి పోలేదు. టైపులు రాయక్కర్లేదనే కదా పైథాన్‌కి వచ్చాం అనుకునేవాణ్ని.

నా మనసు మార్చింది నా పాత కోడే. ఆర్నెల్ల కిందట రాసిన ఒక ఫంక్షన్‌లోకి ఆర్డర్ వివరాలు వస్తాయి. వచ్చేది డిక్షనరీయా, ఆబ్జెక్టా? లోపల ఉన్నది 'అమౌంటా', 'టోటలా'? ప్రింట్ పెట్టి రన్ చేస్తే తప్ప తెలియలేదు. ఆ వివరాలన్నిటికీ ఒక డేటాక్లాస్ (ఏయే వివరాలు ఉంటాయో పేర్లతో చెప్పే చిన్న క్లాస్) రాసి, ఆర్గ్యుమెంట్ పక్కన కోలన్ పెట్టి ఆ క్లాస్ పేరు ఇచ్చాను. ఎడిటర్‌లో ఆ ఆర్గ్యుమెంట్ పేరు పక్కన చుక్క కొట్టగానే కస్టమర్, ఐటమ్స్, టోటల్ అన్నీ వరసగా కనిపించాయి. పేర్లు గుర్తుపెట్టుకునే పని తప్పింది.

నేను వాడేది వీఎస్ కోడ్ ఎడిటర్, అందులో పైలాన్స్ అనే పైథాన్ ఎక్స్‌టెన్షన్. సూచనలు వెంటనే వస్తాయి గానీ టైప్ చెకింగ్ (రకాలు సరిపోతున్నాయో లేదో చూడటం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 'బేసిక్'కి మార్చుకోండి, అసలు లాభం అక్కడే ఉంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతికినప్పుడు ఏమీ దొరక్కపోతే 'నన్' (ఏమీ లేదని చెప్పే విలువ) వస్తుంది కదా. అది చూసుకోకుండా నేరుగా గ్రూప్ (దొరికిన ముక్క) అడిగితే ఆ మాట కింద ఎర్రగీత పడుతుంది. ఇదివరకు ఈ తప్పు అర్ధరాత్రి సర్వర్ లాగ్‌లో బయటపడేది, ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

రాయడం కూడా తేలికైంది. 3.9 నుంచి లిస్ట్‌లో ఏ రకం విలువలున్నాయో చెప్పడానికి విడిగా ఇంపోర్ట్ అక్కర్లేదు. 3.10 నుంచి 'ఇది గానీ, నన్ గానీ' అనడానికి మధ్యలో నిలువు గీత చాలు.

ఇబ్బందులూ ఉన్నాయి. పట్టికల డేటాకి వాడే పాండాస్ లైబ్రరీలో కాలమ్ పేర్లు ఎడిటర్‌కి తెలియవు, డేటా పని చేసేవాళ్లకి అది పెద్ద లోటు. జేసన్ (టెక్స్ట్ రూపంలో వచ్చే డేటా) చదివితే వచ్చేది 'ఎనీ', అంటే ఏదైనా కావచ్చు, అక్కడ చుక్క కొట్టినా ఏమీ రాదు. టైప్‌డ్ డిక్ట్ (డిక్షనరీలో ఏ కీకి ఏ రకం విలువో చెప్పే టైప్) రాసుకుంటే కొంత నయం. ఇంకోటి, రన్ చేసేటప్పుడు పైథాన్ ఈ హింట్స్‌ని పట్టించుకోదు. నంబర్ అని రాసినచోట స్ట్రింగ్ పంపినా ఆపదు. బయటి నుంచి వచ్చే డేటాని మనమే సరిచూసుకోవాలి.

టైప్ చెకింగ్‌లో బాగా కఠినమైన 'స్ట్రిక్ట్' మోడ్ పాత ప్రాజెక్టులో పెట్టి చూశాను, ఫైలు నిండా గీతలే. రెండు రోజులకి తీసేశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆర్గ్యుమెంట్లకీ, రిటర్న్‌కీ మాత్రం రాయండి. లోపలి వేరియబుల్స్ సంగతి చాలావరకు ఎడిటరే చూసుకుంటుంది.