తూటాను గుర్తించడానికి ఏది మేలు: అడుగు ముద్రా, కొలతా, మొన రంగా?

చెన్నైలోని పాత తెలుగు ఇళ్లలో తాతగారి వేట తుపాకీ పోయినా, బీరువా అడుగున నాలుగైదు తూటాలు మిగిలిపోతుంటాయి. అవి ఏ రైఫిలువో తేల్చడానికి మూడు దారులున్నాయి: అడుగున కొట్టిన ముద్ర చదవడం, ఇత్తడి గుల్లను కొలవడం, గుండు మొన మీది రంగు చూడడం. చాలామంది ముద్రనే నమ్ముతారు. నేను మాత్రం కొలతకే పెద్దపీట వేస్తాను.

బజారులో అమ్మే తూటాల మీద సాధారణంగా క్యాలిబర్ (తూటా కొలతను తెలిపే పేరు) ఉంటుంది కాబట్టి వాటి ముద్ర చదివితే చాలు. సైన్యానికి చేసినవాటితోనే చిక్కు. కె.ఎఫ్. అంటే ఖడ్కీ కర్మాగారమనీ, ఓ.ఎఫ్.వి. అంటే వరణ్‌గావ్ అనీ తెలిసినా, అవి తయారైన చోటునే చెబుతాయి. సోవియట్ 7.62×39 తూటా (ఇలాంటి పేర్లలో మొదటి అంకె తుపాకీ గొట్టం లోపలి వ్యాసం, రెండోది గుల్ల పొడవు, మి.మీ.లలో) మీదనైతే కర్మాగారం సంఖ్య, సంవత్సరం తప్ప మరేమీ కనిపించవు. పైగా ఒకసారి పేల్చిన గుల్లను వేరే కొలతకు మార్చి మళ్లీ నింపితే, పాత ముద్ర అలాగే ఉండి తప్పుదారి పట్టిస్తుంది.

పొడవు, మందం కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్‌కు అలాంటి మొహమాటం లేదు. .303 గుల్ల పొడవు సుమారు 56 మి.మీ., అడుగున అంచు బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, 7.62×51 గుల్ల 51 మి.మీ., అంచు గుల్లతో సమంగా ఉంటుంది. మన దేశంలో లైసెన్సుదారులకు అమ్మే .315కూ పొడుచుకు వచ్చిన అంచే ఉన్నా, దాని గుల్ల 50 మి.మీ. దగ్గరే ఆగుతుంది. రైఫిలును చూసి తూటాను ఊహించడం మాత్రం కూడదు: ఇషాపూర్‌లో చేసిన 2ఎ1 రైఫిలు పాత త్రీ నాట్ త్రీ (.303) లాగే కనిపిస్తుంది, కానీ అది పేల్చేది 7.62×51.

అయితే ఏదో ఒక్క కొలతతో సరిపెట్టుకోకూడదు. గుండు మందాన్నే చూస్తే .303, 7.62×39 రెండూ దాదాపు 7.9 మి.మీ.; అడుగు వ్యాసమే చూస్తే .30-06 అనే అమెరికా రైఫిలు తూటా, 7.62×51 రెండూ 12 మి.మీ. గుల్ల పొడవు, అంచు తీరు, గుండు మందం మూడూ కలిపి చూసినప్పుడే విషయం తేలుతుంది.

ముద్ర గెలిచే చోటు ఒకటుంది. 5.56×45, .223 రెమింగ్టన్ బయటి కొలతల్లో ఒకటే అయినా, .223 రైఫిలులో 5.56 తూటా పేలిస్తే లోపలి పీడనం హద్దు దాటవచ్చు. అక్కడ కాలిపర్ చేతులెత్తేస్తుంది. వృత్తంలో శిలువ ఆకారంలో ఉండే నాటో గుర్తు గానీ, .223 అన్న అంకె గానీ ఉంటేనే తేడా తెలుస్తుంది.

రంగును అసలు లెక్కలోకే తీసుకోను. ఆకుపచ్చ మొన నాటో 5.56లో లోపల ఉక్కు ముక్క ఉన్న గుండుకు గుర్తు; సోవియట్ 7.62×39లో అదే ఆకుపచ్చ, వెలుగు చిమ్ముతూ పోయే ట్రేసర్‌కు గుర్తు. కాలం గడిస్తే ఆ పూత రాలిపోతుంది కూడా.

ఇదంతా లోపల మందు లేదని ముందే నిశ్చయంగా తెలిసిన తూటాల సంగతి. గుండు బిగించి ఉన్న తూటా అడుగున తుపాకీ పిన్ను కొట్టిన దెబ్బ కనిపించినా, అది పేలకుండా మిగిలినదే అయి ఉండవచ్చు. లోపలి మందు ఎప్పటిదైనా దాన్ని ఊడదీసి చూడకూడదు. లైసెన్సు లేకుండా అలాంటివి ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం కాబట్టి, తూటాలను కదపకుండా పోలీస్ స్టేషన్‌కు కబురు చేసి, గుర్తించే పని వారికే వదలాలి.