11,800 రూపాయల కార్డు మా ప్రయాణాలకు గిట్టిందా?

పోయిన ఏడాది ఒక ప్రీమియం ట్రావెల్ క్రెడిట్ కార్డు తీసుకున్నాను. వార్షిక ఫీజు 10,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 11,800. అక్క వాళ్లు సింగపూర్‌లో ఉంటారు. అమ్మకి కాశీ చూడాలని ఎప్పట్నుంచో కోరిక. రెండు ప్రయాణాలూ ఒకే ఏడాది పడ్డాయి కాబట్టి కట్టిన ఫీజు తేలిగ్గానే తిరిగొస్తుందనుకున్నాను. మళ్లీ ఫీజు కట్టే నెల రాగానే బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

మాది శ్రీకాకుళం. విమానం ఎక్కాలంటే నాతవలస టోల్‌గేటు దాటి విశాఖ చేరాలి, కారులో రెండున్నర గంటలు. ఆ ఖర్చులో కార్డు చేసే సాయమేమీ లేదు. కాశీ వెళ్లేటప్పుడు విశాఖ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో, అంటే ఇలాంటి కార్డులున్నవాళ్లని కూర్చోబెట్టి తిండి పెట్టే హాల్లో, కూర్చున్నాం. కౌంటర్లో కార్డు గీకి 2 రూపాయలు తీసుకున్నారు. ఇడ్లీ, ఉప్మా, వేడి కాఫీ. అమ్మ సంతోషంగా తింటూ, "రెండు రూపాయలకే ఇంత పెడతన్నారేటి బాబూ?" అని అడిగింది. "రెండు రూపాయలకి కాదమ్మా, ముందే పదకొండు వేలు కట్టేశాం" అన్నాను. కాఫీ కప్పు కింద పెట్టి నా మొహం వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

తిరుగు ప్రయాణంలో విమానం మారినచోట అదే కార్డు పని చెయ్యలేదు. ముందటి మూడు నెలల్లో బ్యాంకు చెప్పినంత ఖర్చు పెట్టకపోతే లాంజ్ లేదట. ఆ షరతు ఏడాది మధ్యలో పెట్టి ఒక మెయిల్ పంపారు, నేను చూసుకోలేదు. కాశీ నుంచి తెచ్చుకున్న గంగాజలం సంచి పట్టుకుని అమ్మ కౌంటర్ దగ్గర నిలబడిపోయింది. నాకు చాలా బాధనిపించింది. కార్డు ఇచ్చేటప్పుడు లాంజ్ గురించి అంత గొప్పగా చెప్పిన బ్యాంకు, నియమం మార్చినప్పుడు కనీసం ఒక ఫోన్ చేసి ఉండాల్సింది.

సింగపూర్ ప్రయాణంలో మాత్రం కార్డు నిజంగా పనికొచ్చింది. మామూలు కార్డుతో విదేశాల్లో ఖర్చుపెడితే చాలా బ్యాంకులు 3.5 శాతం మార్కప్, అంటే అదనపు ఛార్జీ, వేస్తాయి. జీఎస్టీతో అది 4.13 శాతం. నా కార్డుకి 2 శాతమే, జీఎస్టీతో 2.36. అక్కడ మేం 80,000 ఖర్చుపెట్టాం కాబట్టి 1,416 రూపాయలు మిగిలాయి. వచ్చేటప్పుడు చాంగీ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో ఇద్దరం భోజనం చేశాం. బయట తింటే అయ్యేది 1,200 అనుకుందాం, విశాఖ టిఫినుకి 500. అన్నీ కలిపితే 3,116.

పాయింట్లు లేవా అంటారేమో. ఏడాదిలో 3 లక్షల ఖర్చుకి నాకొచ్చిన పాయింట్ల విలువ దాదాపు 3,000. ఫీజు లేని పాత కార్డు ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చేది. అంటే అదీ 3,000. ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది.

5,000 రూపాయల హోటల్ వోచర్ కూడా ఇచ్చారు. ఆ జాబితాలోని హోటళ్లలో మాకు దగ్గరవి విశాఖలోనే ఉన్నాయి. సంక్రాంతికి అక్కా బావా వచ్చినప్పుడు ఒక రాత్రికి 9,000 గది తీసుకుని, వోచర్ పోను 4,000 కట్టాం. వోచర్ లేకపోతే 3,000 గదిలోనే దిగేవాళ్లం. అంటే 5,000 ఆదా అనుకున్నచోట వెయ్యి ఎక్కువ పోయింది. గది బాగుంది, కాదనను.

మర్నాటి నుంచి మన జిల్లా చూపించాను. అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి దర్శనం, శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు, అక్కణ్నుంచి కనిపించే వంశధార. సాయంత్రం కళింగపట్నం తీరం. అక్క ఆ కొండ మీంచి దిగనంటే దిగనంది. రాత్రి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) దగ్గర 1,800 ఏసీ గది. శుభ్రంగా ఉంది, తెల్లవారుజామున వేణ్నీళ్లు కూడా వచ్చాయి. ఆ రెండు రోజులూ లాడ్జి, టిఫిన్లు, కొబ్బరిబొండాలు, ఆటో అన్నీ క్యూఆర్ కోడ్ మీదే. నా కార్డు రూపే (మన దేశపు కార్డు నెట్‌వర్క్) కాదు కాబట్టి యూపీఐకి కలవదు. జేబులోంచి దాన్ని ఒక్క పెట్రోలు బంకులోనే తీశాను.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మిత్రుడికి ఇలాంటి కార్డే బాగా గిట్టుతోంది. నెలకి రెండుసార్లు ముంబై వెళ్తాడు, ఏడాదికి 8 లక్షలు దాటి వాడతాడు కాబట్టి ఫీజు మాఫీ. మా ఇంట్లో నెలకి 66,000 పైగా కార్డు మీద పెట్టాలంటే అక్కర్లేనివి కొనాల్సిందే. బాకీ ఉంచుకుంటే నెలకి మూడున్నర శాతం, ఒక్కో బ్యాంకులో అంతకన్నా ఎక్కువే, వడ్డీ పడుతుంది. అప్పుడు ఏ లాంజూ ఆదుకోదు.

అందుకే మూసేస్తున్నాను, రూపే కార్డు ఒకటి ఫీజు లేనిది అడిగాను. మీరూ మూసేటట్టయితే ముందు పాయింట్లు వాడేసుకోండి. నా పాయింట్లు అమ్మ హైదరాబాద్ టికెట్‌కి సరిపోయాయి. తర్వాత బాకీ పైసలతో సహా కట్టి, మూసెయ్యమని రాతపూర్వకంగా పెట్టండి. బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసెయ్యాలని, ఆలస్యమైతే రోజుకి 500 చొప్పున మనకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. నేను సోమవారం మెయిల్ పెట్టాను, ఇవాళ మూడో రోజు.