240జెడ్ తుప్పు: బ్లాస్టింగా, యాసిడా, సోడా తొట్టా, గ్రైండరా?

నలుగురు స్నేహితులు చందా వేసుకుని తుప్పు పట్టిన డాట్సన్ 240జెడ్‌ను షెడ్డులోకి తోశాక మొదటి తగువు ఇంజిన్ మీద రాదు, తుప్పు మీదే వస్తుంది. ఒకరు జీడిమెట్లకు పంపి బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో సన్నటి రవ్వను చిమ్మి తుప్పు రాల్చడం) కొట్టించేద్దాం అంటారు. ఇంకొకరు యాసిడ్ పోస్తే సరి అంటారు. బోల్టులు తీసే ముందే ఈ తగువు తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే ఏ భాగం ఎంత విడదీయాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

1969లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చిన ఈ కారు పైరేకు మందం దాదాపు 0.8 మి.మీ. విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోర్ కింద మడిచి స్పాట్ వెల్డింగ్ చేసిన పలచటి రెయిళ్లే బరువు మోస్తాయి. బ్యాటరీ ట్రే, దాని కిందికి దిగే రెయిలు, తలుపుల కింది సిల్లు, వెనక చక్రం ముందు మూల, హాచ్ (వెనక పైకి లేచే తలుపు) కింది అంచు: తుప్పు తినేది ముందుగా ఇక్కడే. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగితే అక్కడ తుప్పు తీసేదేమీ లేదు, కోసి కొత్త రేకు వేయడమే. అయస్కాంతం అంటుకోని చోట పాత పుట్టీ ఉన్నట్టు. కింద చెప్పే నాలుగు పద్ధతులూ దిగని రేకుకే.

బ్లాస్టింగ్ వేగంలో దేనికీ తీసిపోదు. గుంటల అడుగు దాకా శుభ్రం చేస్తుంది, రంగు పట్టడానికి గరుకు కూడా ఇస్తుంది. చిక్కల్లా ఎవరు, దేనితో కొడుతున్నారన్నదే. గేట్లు, గర్డర్లు కొట్టే యూనిట్లు 80–100 పీఎస్ఐ దగ్గర పనిచేస్తాయి. ఆ ఒత్తిడిలో బానెట్, పైకప్పు, తలుపు రేకులు సాగి అలలు తేలతాయి. అలా సాగిన రేకును మళ్లీ చదును చేయడం టింకరింగ్ మేస్త్రీలకూ చాలా కష్టం, ఎక్కువమంది పుట్టీతో కప్పిపెడతారంతే. పైరేకుకు బ్లాస్టింగ్ తప్పదనుకుంటే 40 పీఎస్ఐ లోపు, సన్నటి గార్నెట్ రవ్వతో, తుపాకీని ఏటవాలుగా పట్టి, ఒకేచోట నిలపకుండా కొట్టాలి. నది ఇసుక వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. ఇంకో తలనొప్పి, సిల్లుల్లో దూరిన రవ్వ నెలల తరబడి రాలుతూనే ఉంటుంది. ఇంటి 2 హెచ్‌పీ కంప్రెసర్‌తో మనమే కొట్టుకుందామంటే అది గాలి అందించలేక నిమిషానికోసారి ఆయాసపడుతుంది. అందుకే సస్పెన్షన్ క్రాస్‌మెంబర్, కంట్రోల్ ఆర్మ్‌ల వంటి మందపాటి వాటికే బ్లాస్టింగ్. బేరింగులు, బుష్‌లు పీకేశాకే పంపాలి.

యాసిడ్లలో బాత్రూం కడిగే హైడ్రోక్లోరిక్‌ను ముట్టుకోకండి. తుప్పును నిమిషాల్లో తింటుంది, నిజమే. కానీ దాని ఆవిరికి షెడ్డులోని పనిముట్లన్నీ ఎర్రబడతాయి. పైగా మడతల్లో మిగిలిన క్లోరైడ్ రంగు కింద నుంచి మళ్లీ పొంగుతుంది. కావాలంటే నిమ్మ ఉప్పు వాడండి. బేగంబజార్‌లో కిలోల లెక్కన దొరుకుతుంది. లీటరు నీటికి 50 గ్రాములు, 12 నుంచి 24 గంటలు. అంతకు మించితే మంచి ఇనుమునూ తినడం మొదలెడుతుంది. బ్రాకెట్లకు, కీళ్లకు ఇది బాగుంటుంది. రెండు రేకులు అతికిన తలుపుల వంటివి మాత్రం ఏ యాసిడ్‌లోనూ ముంచకూడదు, లోపల చేరింది కడిగినా బయటికి రాదు.

స్నేహితుల గుంపుకు అన్నిటికన్నా కలిసొచ్చేది సోడా తొట్టి. ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, 50 లీటర్ల నీళ్లు, 250 గ్రాముల చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ ఉంటే చాలు. చుట్టూ నాలుగు వైపులా మామూలు ఇనుప చువ్వలు నిలబెట్టి అన్నిటినీ కలిపి ప్లస్‌కు, మధ్యలో వేలాడే భాగాన్ని మైనస్‌కు ఇవ్వాలి. తారుమారైతే చువ్వ బదులు మీ భాగమే కరుగుతుంది. 5 ఆంపియర్ల దగ్గర ఒక రాత్రి ఉంచితే ఎర్ర తుప్పు నల్లటి మడ్డిగా మారుతుంది, గిన్నెలు తోమే పీచుతో రుద్దితే ఊడిపోతుంది. మంచి ఇనుము ఒక పొర కూడా తగ్గదు. యాసిడ్‌కూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే.

ఇందులోనూ జనం చేసే పొరపాట్లు ఉన్నాయి. చువ్వలు అరగకూడదని స్టెయిన్‌లెస్ స్టీలువి పెడతారు. వాటిలోని క్రోమియం విషపు రూపంలో నీటిలో కలుస్తుంది. పని త్వరగా కావాలని ఉప్పు వేస్తారు, క్లోరిన్ వాయువు పుడుతుంది. తొట్టి మీద తేలే బుడగలు హైడ్రోజన్. కాబట్టి తలుపు తెరిచి ఉంచాలి, దగ్గర సిగరెట్ వద్దు, ఛార్జర్ ఆపాకే చేయి పెట్టాలి. కొత్తరకం ఆటోమేటిక్ ఛార్జర్లు బ్యాటరీ కనిపించకపోతే అసలు పనిచేయవు. పాత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ రకం ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి. కార్బురేటర్ లాంటి అల్యూమినియం భాగాలు ఇందులో పాడవుతాయి. స్ప్రింగులు, హై టెన్సైల్ బోల్టులు హైడ్రోజన్ పీల్చుకుని పెళుసెక్కుతాయి, వాటినీ దూరం పెట్టండి.

తొట్టిలో పట్టని బయటి రేకులకు గ్రైండరే. 4 అంగుళాల గ్రైండర్‌కు స్పాంజి లాంటి స్ట్రిప్ డిస్క్ తగిలించండి, వీలైతే వేగం తగ్గించుకునే రకం. ఫ్లాప్ డిస్క్ రంగుతో పాటు రేకునూ కోస్తుంది. 0.8లో 0.1 పోయినా నష్టమే. వైర్ కప్ తుప్పును గుంటల్లోకి నునుపుగా అదిమి శుభ్రమైనట్టు భ్రమ కలిగిస్తుంది, దాని తీగలు ఎగిరి గుచ్చుకుంటాయి కూడా. ముఖానికి షీల్డ్ లేకుండా మొదలెట్టొద్దు. గుంటల్లో మిగిలిన నల్ల చుక్కలకు ఫాస్ఫారిక్ ద్రవం రాయవచ్చు. కానీ దాన్ని బాగా కడిగి ఆరబెట్టకుండా ఎపాక్సీ ప్రైమర్ కొడితే పొరలుగా లేస్తుంది.

ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకు గోడ) మీద చెక్కిన ఛాసిస్ నంబరు జోలికి ఏ డిస్కూ, ఏ రవ్వా పోకూడదు. ముందే రబ్బరు ముక్క వేసి టేపుతో కప్పండి. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 నిబంధనల కింద ఇచ్చే 'వీఏ' సిరీస్ వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రేకు వేసినా పాత ఆకారంలోనే వేయాలన్న మాట. 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు సరిపోతుంది. జింకు పూత ఉన్న జీఐ రేకు వద్దు, వెల్డ్ చేసేటప్పుడు వచ్చే జింకు పొగ జ్వరం తెస్తుంది. మిగ్ వెల్డింగ్‌తో అంగుళానికో చుక్క, చల్లారాక ఇంకోటి. సిల్లు కోసే ముందు తలుపు సందుకు అడ్డంగా పైపు వెల్డ్ చేయకపోతే షెల్ వంగి తలుపు మళ్లీ పడదు.

పద్ధతి ఏదైనా ఉత్త ఇనుము మీద గడియారం నడుస్తూనే ఉంటుంది. హైదరాబాద్‌లో మార్చి నుంచి మే దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అదే రోజు ప్రైమర్ కొడితే చాలు. మృగశిర కార్తె దాటి వానలు మొదలయ్యాక గంటల్లోనే పసుపు ఛాయ వస్తుంది. చేపలు తినే రోజు లోపు ఎపాక్సీ పడేలా లెక్క వేసుకుని సంక్రాంతి తర్వాత మొదలెట్టండి. ఆఖరి కడుగుడు బోరు నీళ్లతో వద్దు, అందులోని లవణాలు రేకు మీదే ఆరిపోతాయి. రంగు అయ్యాక సిల్లుల లోపల క్యావిటీ వాక్స్ (తుప్పు పట్టకుండా బోలు భాగాల్లో కొట్టే మైనం) వేయాలి, దానికి ముందు ముందరి అద్దం కింది గూట్లో ఒక చెంబు నీళ్లు పోసి, రెండు వైపులా కిందికి కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే సైకిల్ చువ్వ దూర్చి ఆ నీళ్లు దిగే గొట్టాలను శుభ్రం చేశాకే వాక్స్.