కాగోమె బావి, యూరి నది: ఏది ముందు చదవాలి?

పదిహేనేళ్ల జపాన్ పిల్ల ఇల్లు విడిచి పాత కాలంలో పడుతుంది, అక్కడి జనం ఆమెలో దైవశక్తిని చూస్తారు. రూమికో తకహాషి ‘ఇనుయాషా’ (1996–2008, 56 సంపుటాలు), చియె షినోహరా ‘రెడ్ రివర్’ (1995–2002, 28 సంపుటాలు) అనే జపాన్ బొమ్మల కథలు (మాంగా) రెండూ ఇలాగే మొదలవుతాయి. ఒక్కదానికే తీరిక ఉంటే నేను ‘ఇనుయాషా’ చదవమంటాను. కారణం అందులోని నాయిక కాగోమె వాళ్లమ్మ.

‘రెడ్ రివర్’ని తక్కువ చేయడం లేదు. కొడుకుని గద్దెనెక్కించాలని రాణి నకియా, బలి ఇవ్వడానికి నాయిక యూరిని నీళ్లలోంచి, ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన ప్రాచీన హిట్టైట్ల రాజధాని హత్తుసాకు లాగేస్తుంది. యుద్ధంలో యూరి తెగువ చూసి జనం ఇష్తార్ దేవతే దిగివచ్చిందంటారు. ఆ నమ్మకం యువరాజు కయిల్‌కి రాజకీయ బలం. కయిల్ పాత్రకి మూలమైన, చరిత్రలోని హిట్టైట్ రాజు రెండో ముర్షిలి కూడా, తన భార్యను చేతబడితో చంపిందని బాబిలోన్ నుంచి వచ్చిన సవతి తల్లి మీద నేరం మోపాడు. ఆ ఛాయ నకియాలో ఉంది. ఆమెనూ చిన్న వయసులోనే పుట్టింటివాళ్లు ముసలి రాజుకి కట్టబెట్టారు. బలి కోరిన మనిషికీ, బలి కావలసిన పిల్లకీ గాయం ఒకటే. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కానీ యూరి ఇల్లు? వేగుచుక్క పొడిచే వేళ తిరిగి వెళ్లే దారి ఉంటుంది. ఆమె మొదట్లో దానికోసం తపిస్తుంది. ప్రేమ, పట్టపురాణి బాధ్యత పెరిగేకొద్దీ కన్నవాళ్లు పల్చబడిపోతారు. అప్పగింతలు లేకుండానే ఆడపిల్ల వెళ్లిపోయినట్టు ఉంటుంది.

‘ఇనుయాషా’లో ఇల్లు చెరిగిపోదు. కాగోమె రెండు కాలాలనీ కలిపే బావిలోంచి అటూ ఇటూ తిరుగుతూ పరీక్షలు రాస్తుంది, తాతయ్య బడికి రోజుకో జబ్బు పేరు చెబుతాడు. నవ్విస్తూనే తకహాషి ఆ ఇంటి మీద మనకి మమకారం పెంచుతుంది. అవతలి గట్టున, ఆ పాత కాలంలో, కిక్యో ఉంది; కాగోమె ఆమె మరుజన్మే. కోరికలు తీర్చే షికోన్ మణిని కాపాడే పూజారిణి కాబట్టి బలహీనత చూపకూడదు, మామూలు ఆడదానిలా బతకకూడదు. ఆమె చనిపోయి యాభై ఏళ్లకి మంత్రశక్తితో మళ్లీ లేచేసరికి చెల్లెలు కయేదె ముసలిదైపోయింది, అక్క మాత్రం పడుచుగానే ఉంది. పవిత్రమైన బాధ్యత ఒక కుటుంబానికి ఏం చేస్తుందో ఆ ఇద్దరినీ పక్కపక్కన చూస్తే చాలు.

చివర్లో బావి మూడేళ్లు మూసుకుపోతుంది. ఆ మూడేళ్లూ కాగోమె ఇంట్లోనే ఉండి చదువు పూర్తి చేస్తుంది. బావి మళ్లీ తెరుచుకున్నప్పుడు తల్లి పక్కనే ఉంటుంది, కూతురి మనసు తెలుసుకుని ఆ పాత కాలానికి సాగనంపుతుంది. ఆ పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

రాజ్యతంత్రం, యుద్ధవ్యూహాలు ఇష్టమైతే ‘రెడ్ రివర్’ మిమ్మల్ని వదలదు. అందులో ఆడవాళ్ల మీద దాడులు, రక్తపాతం ఎక్కువ, చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు.