అగ్రిమెంటులో పేరు లేకుండా షేరింగ్ ఫ్లాట్‌లో: మూడేళ్ల తర్వాత నా రివ్యూ

హైదరాబాద్ కొండాపూర్‌లో త్రీ బీహెచ్‌కే, ముగ్గురం, అద్దె 36,000. 2021 చివర్లో చేరాను, మూడేళ్లు దాటింది, ఇంకా అక్కడే ఉన్నాను. గాలీ వెలుతురూ బాగుంటాయి, మంచినీళ్లకు ఇబ్బంది లేదు, హాస్టల్లో ఒకే గదిలో నలుగురం పడుకున్న రోజులతో పోలిస్తే చాలా నయం. అయినా ఐదుకి మూడే ఇస్తాను.

నేను చేరినప్పుడు అగ్రిమెంటు మా సీనియర్ అన్న ఒక్కడి పేరు మీదే ఉంది. అడ్వాన్సు 24,000 ఆయన చేతికే ఇచ్చాను, నెలనెలా 12,000 ఆయనకే ఫోన్‌పే చేసేవాణ్ని. ఓనర్ అంకుల్ లిఫ్టులో కనబడితే బాగున్నావా అని పలకరించేవారు, దాంతో నేను ఉంటున్న సంగతి ఆయనకు తెలుసు కదా, చాలు అనుకున్నాను. ఏడాదిన్నరకు అన్నకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఓనర్ దగ్గరున్న అడ్వాన్సు మొత్తం, మా ఇద్దరి డబ్బులతో సహా, తీసుకుని వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే "ఇంట్లో మీరే ఉన్నారుగా, ఓనర్‌తో మాట్లాడుకోండి రా" అన్నాడు. అంకుల్ దగ్గరికెళ్తే "నేను ఇల్లు ఇచ్చింది అతనికి బాబూ, ఆదివారంలోగా ఖాళీ చేయండి, లేదంటే తాళం మారుస్తా."

ఆ వారమంతా ఒకటే టెన్షన్. తెలిసిన లాయర్ గారు అగ్రిమెంటు చదివి ఒక లైను మీద వేలు పెట్టారు: ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లీజు ఇవ్వరాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వద్దని రాయకపోతే అద్దెకున్నవాళ్లు ఇంకొకరికి ఇవ్వొచ్చట, మా అగ్రిమెంటులో వద్దనే రాశారు. అద్దెకున్నవాళ్లను కాపాడే రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా సార్ అంటే, హైదరాబాద్‌లో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదన్నారు. అయితే తాళం మార్చడం మాత్రం కుదరదు, కోర్టుకు వెళ్లకుండా బయటికి పంపితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా కేసు వేయొచ్చని చెప్పారు. అదే మాట అంకుల్‌కి మర్యాదగా చెప్పాం. రెండు రోజులు ఆలోచించి ఆయనే పిలిచారు, కొత్తగా చేరిన అబ్బాయితో కలిపి ముగ్గురి పేర్లతో 11 నెలల అగ్రిమెంటు రాయించుకున్నాం. ఫోన్‌పే రికార్డు పంపి వెంటపడితే అన్న దగ్గర్నుంచి 15,000 వచ్చాయి, మిగతా 9,000 రాలేదు. డబ్బు కంటే, అన్నా అని పిలిచిన మనిషి ఫోన్ ఎత్తకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

గిన్నెలు, బాత్రూమ్, ఫ్రెండ్స్ రావడం లాంటి గొడవలు గంటలో చల్లారేవి, కరెంటు బిల్లుది అలా కాదు. ఒక్క గదిలోనే ఏసీ, బిల్లు మాత్రం సమానంగా మూడు వాటాలు. మన తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది, అంటే ఏసీ వేసుకోనివాడి ఫ్యాను ఖర్చు కూడా పెరిగినట్టే. ఏసీకి విడిగా సబ్‌మీటర్ పెట్టించాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

మొన్న ఒకతను ఖాళీ చేసి కొత్త కుర్రాడు వచ్చాడు. "అడ్వాన్సు నీకు పంపేస్తా అన్నా" అన్నాడు, ఆగమని చెప్పి ముందు అంకుల్ దగ్గరికి తీసుకెళ్లి, అగ్రిమెంటులో అతని పేరు రాయించి, అందరి సంతకాలు అయ్యాకే డబ్బు నేరుగా అంకుల్‌కే పంపమన్నాను.