పైకెక్కాక ఏ మెడపట్టు మేలు?

నెల్లూరులో మే నెల సాయంత్రం మా జియు జిట్సు హాల్లో ఒక గంట మ్యాట్ మీద దొర్లి, ఆ గీ (ఈ ఆటలో వేసుకునే మందపాటి చొక్కా) విప్పి పిండితే చెంబెడు నీళ్లొస్తాయి. ముందే ఈ సంగతి ఎందుకంటే, ఏసీ గదుల్లో తీసిన వీడియోల్లో పడే పట్లు ఇక్కడ అట్టాగే పడవు. కిందివాడి చెయ్యి వంజరం చేపలాగా జారిపోతుంది.

విషయానికొస్తాను. ప్రత్యర్థి వెల్లకిలా ఉన్నాడు. మీరు అతని పొట్ట మీద, మోకాళ్లు చెరోపక్క వేసి కూర్చున్నారు. దీన్నే మౌంట్ అంటాం. జియు జిట్సు పోటీల్లో ఇక్కడిదాకా వచ్చి నిలబడితే 4 పాయింట్లు. ఇక మెడ మీదికి పోవాలి. ఎక్కువమంది వాడే దారులు మూడు: క్రాస్ కాలర్, ఎజెకియల్, ఆర్మ్ ట్రయాంగిల్. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ "అన్నా, మూడిట్లో ఏది గట్టిది?" అంటాడు. మూడూ గట్టివే. ఏది సరిగ్గా పడినా మెడకు రెండు పక్కలా ఉన్న కెరోటిడ్ ధమనులు నొక్కుకుపోయి పది సెకన్లు తిరిగేలోపే స్పృహ పోతుంది. నేనైతే వేరే లెక్క చూస్తాను. పట్టు తప్పితే నా చేతిలో ఏం మిగులుతుంది?

క్రాస్ కాలర్‌లో మొదటి చెయ్యి అరచెయ్యి పైకి పెట్టి, నాలుగు వేళ్లూ కాలర్ లోపలికి, మెడ వెనక లేబుల్ తగిలేదాకా పోనివ్వాలి. రెండో చెయ్యి అవతలి కాలర్‌కి. ఆ తర్వాతే చాలామంది చెడగొట్టుకుంటారు. మోచేతులు బార్లా చాపి మణికట్లు మెలిపెడతారు. కిందివాడికి గడ్డం గీరుకోవడం తప్ప ఏమీ కాదు. మోచేతులు మీ పక్కటెముకల వైపుకి లాక్కుని, ఛాతీ దించి, తల అతని తల దాటి మ్యాట్‌కి ఆనించాలి. పది సార్లు ప్రపంచ చాంపియన్ అయిన రోజర్ గ్రేసీ పెద్దపెద్దవాళ్లను ఈ మొదటి నెల పాఠంతోనే ట్యాప్ చేయించాడు, అంటే తట్టి ఓటమి ఒప్పుకునేలా చేశాడు. అందరికీ తెలిసిన పట్టే, తెలిసీ ఆపలేకపోయారు.

దీని లోటు కూడా చేతుల్లోనే ఉంది. రెండు చేతులూ కాలర్‌లో ఇరుక్కుంటే నేలకి ఆనించుకోడానికి మూడో చెయ్యి లేదు. కిందివాడు మీ చెయ్యొకటి ఒడిసిపట్టి, అదే వైపు కాలు తొక్కిపట్టి నడుం ఎగరేశాడా, మీరు కింద, అతను పైన. అందుకే మొదటి చెయ్యి లోతుగా పెట్టి, రెండోది నేల మీదే ఉంచి కాసేపు ఊరకుండాలి. ఒంగోలు గిత్తలు బండ లాగేటప్పుడు చూడండి, ముందు కాడి మెడకి బిగుసుకునేదాకా ఒరుగుతాయి, తర్వాతే అడుగు. లోతుగా పడ్డ ఆ ఒక్క చెయ్యికే కిందివాడు కంగారుపడి రెండు చేతులూ దానికి అంకితం చేస్తాడు. రెండో కాలర్ అప్పుడు ఖాళీ. పైగా గీ ఎంత తడిసినా కాలర్ మందంగా ఉంటుంది, చెమటకి జారదు. మన వాతావరణానికి ఇదో పెద్ద లాభం.

ఎజెకియల్ దొంగపట్టు. తల కింద చెయ్యి పెట్టి కౌగిలించుకున్నట్టు పడుకుంటారు, అది బరువేయడం అనుకుంటాడు కిందివాడు. ఆ చేతి వేళ్లు మీదే రెండో చొక్కాచేతి లోపలికి దూరతాయి, రెండో చెయ్యి అంచు గడ్డం కిందికి జారుతుంది. జూడోలో దీని పేరు సోదె గురుమ జిమె. (జపనీసులో సోదె అంటే చొక్కాచెయ్యి, మన ఎరుకలమ్మ చెప్పే సోదె కాదు.) బ్రెజిల్ జూడో ఆటగాడు ఎజెకియల్ పరాగ్వాసు జియు జిట్సు వాళ్ల మీద దీన్ని తెగ వేయడంతో అతని పేరే నిలబడిపోయింది. 2017 జనవరిలో యూఎఫ్‌సీ అనే మిశ్రమ యుద్ధకళల పోటీలో అలెక్సీ ఒలెయినిక్ అయితే మౌంట్ కింద ఉండి, పైనున్నవాడికి ఇదే వేసి గెలిచాడు. మీరు అది ప్రయత్నించొద్దు.

ఇది తప్పితే పోయేది తక్కువ. చెయ్యి వెనక్కి లాక్కుంటే తల కింద చెయ్యి ఎప్పట్లాగే ఉంటుంది, మౌంటూ ఉంటుంది. మరి ఇదే మేలని ఎందుకనను? ఒకసారి నేనే చేసిన తప్పు వల్ల. నా జత నాకంటే పాతిక కిలోలు తక్కువ. చేతి అంచు పక్కకి పోకుండా సరిగ్గా కంఠం మధ్యలో పడింది. నొక్కు పడుతోంది కదా అని బరువేశాను. ట్యాప్ చేశాడు, వదిలాను, కానీ రెండు రోజులు గొంతు బొంగురు. "గొంతు కాదన్నా, పక్కలు నొక్కాల" అన్నాడు గరగరలాడే గొంతుతోనే. శ్వాసనాళం మీద నొక్కితే స్పృహ త్వరగా పోదు, నొప్పీ దెబ్బా వస్తాయి. ధమనులకి అంత బలం అక్కర్లేదు. ఎజెకియల్‌లో ఈ రెంటికీ మధ్య దూరం రెండు వేళ్లంత. చెయ్యి ఎక్కడుందో కళ్లకి కనపడకుండా తడిమి తెలుసుకోవడం వచ్చేదాకా, మీకంటే బాగా తేలికైనవాళ్ల మీద ఇది వద్దు.

ఆర్మ్ ట్రయాంగిల్‌కి గీ అక్కర్లేదు. అతని చెయ్యి అతని ముఖం మీదుగా అడ్డంగా తోసి, అది వెనక్కి పోకుండా మీ తల ఆనించి, మీ చెయ్యి మెడ చుట్టూ వేసి బిగిస్తారు. ఒక పక్క ధమనిని మీ కండ నొక్కుతుంది, రెండో పక్క అతని భుజమే నొక్కుతుంది. కానీ పూర్తి కావాలంటే మామూలుగా మౌంట్ దిగి, మీ తల ఉన్న వైపుకి జారి, నడుం కిందికి దించి తల వైపు నడవాలి. ఆ దిగే అర సెకనులో అతను మోకాలు దూర్చాడంటే సగం పోయినట్టే. లేదంటే ఫోన్ ఎత్తినట్టు చెయ్యి చెవికి పెట్టుకుని సందు చేసుకుంటాడు. ఒట్టి ఒంటితో, చెమటలో, తల కింద ఇరికిన ఆ చెయ్యి సబ్బులాగా బయటపడుతుంది. మైపాడు బీచ్‌లో ఇసుక మీద సరదాకి చేస్తే మాత్రం జారదు, కానీ మోచేతి తోలు అక్కడే వదిలేసి రావాలి.

అయితే జూడో పోటీకి పోయేవాళ్లకి ఈ లెక్క తలకిందులు. అక్కడ ఇదే పట్టును కటా గటామె అంటారు, అదుముడు పట్ల కింద లెక్కేస్తారు. ఊపిరాడినా ఆడకపోయినా, వీపు నేలకి ఆనించి 20 సెకన్లు పట్టుకుంటే ఇప్పోన్, ఆట అయిపోయినట్టే. మెడ దొరక్కపోయినా గెలుపు దొరుకుతుంది కాబట్టి జూడో పిల్లలకి నేను కళ్లు మూసుకుని ఆర్మ్ ట్రయాంగిలే చెబుతాను.

కుస్తీ నేర్చి వచ్చినవాళ్ల సంగతి ఇంకోరకం. వాళ్ల ఆటలో మెడ పిసకడం నిషేధం, రెండు భుజాలూ నేలకి తగిలితే ఓటమి. ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాటు, మౌంట్ కింద పడగానే బోర్లా తిరిగేస్తారు. అట్టాంటివాళ్లకి ఈ మూడూ దండగ. కాస్త మోకాళ్లు వదులు చేసి తిరగనిచ్చి, వెనక నుంచి మెడ తీసుకోవడమే తేలిక.

గీ ఉన్న రోజున నా ఓటు క్రాస్ కాలర్‌కే, అదీ ఒక చెయ్యి ముందు పెట్టి ఓపిక పట్టగలిగితే. బరువు తక్కువైనవాళ్లకి మరీనూ. బలం కంటే లోతు మీద నడిచే పట్టిది. గీ లేని రోజున ఆర్మ్ ట్రయాంగిల్, కానీ మొదటి పది నిమిషాల్లోనే, ఒళ్లు ఆరి ఉన్నప్పుడే. ఎజెకియల్ నాకు బెదిరింపుగా ఎక్కువ పనికొస్తుంది: గడ్డం దించుకుని చేతులు మెడకి అడ్డం తెచ్చుకోగానే కాలర్‌కి దారి దొరుకుతుంది.

ఇవన్నీ చూసేవాళ్లుండగా, మ్యాట్ మీద, ట్యాప్ తగలగానే వదిలే జతతోనే. చేతులు రెండూ ఇరుక్కుంటే కాలితో నేల తట్టినా ట్యాపే, నోటితో అన్నా ట్యాపే.

ఆ బొంగురుగొంతు కుర్రాడు ఇప్పుడు నా మీద క్రాస్ కాలరే వేస్తున్నాడు. మొదటి చెయ్యి పెట్టి, రెండోది నేల మీద ఆనించి, "ఏందన్నా, ఎట్టా ఉంది?" అంటాడు. నేను జవాబు చెప్పే లోపలే రెండో చెయ్యి వచ్చేస్తోంది.