బాగోతం బృందానికి టాబ్లెట్ మిక్సర్: బెహ్రింగర్ ఎక్స్ఆర్-16 సరిపోతుందా, ఎక్స్ఆర్-18 దాకా పోవాలా?

చెర్వుగట్టు నుంచి కురుమూర్తి దాకా జాతరలకు, పరిషత్తు పోటీలకు డీసీఎం బండిలో తిరిగే పది పన్నెండు మంది బృందానికి పెద్ద మిక్సర్ మోయడం ఒక బరువైతే, మైకు వైర్లన్నీ ఒకే తొడుగులో ఉండే 30 మీటర్ల మల్టీకోర్ కేబుల్ మోయడం ఇంకో బరువు. దాన్ని జనం మధ్యలోంచి లాగితే ఎవరి కాలికో తట్టుకుంటుంది, పిన్ను ఊడుతుంది. టాబ్లెట్ మిక్సర్ అంటే మీటలు లేని పెట్టె, దాన్ని వైఫై మీద టాబ్లెట్‌తో నడిపిస్తారు. దానితో పోయే మొదటి బాధ ఇదే. పెట్టె స్టేజీ పక్కనే ఉంటుంది, మైకులకు 5 నుంచి 10 మీటర్ల వైర్లు చాలు. ఆపరేటర్ జనం వెనక నిలబడి, ప్రేక్షకుడి చెవికి వినిపించేదే తానూ వింటూ సరిచేస్తాడు.

కంపెనీ పేరు చూసే ముందు ఒక కాగితం మీద మైకులు లెక్క రాసుకోవాలి. చిందు బాగోతానికి గానీ పద్య నాటకానికి గానీ మామూలుగా వైరు లేని (కార్డ్‌లెస్) కాలర్ మైకులు ఆరు, స్టేజీ అంచున నేల మైకులు మూడు, హార్మోనియం, మద్దెల, తాళం, వెనక పాటకు ఒకటి, అనౌన్సుమెంటుకు ఒకటి, లాప్‌టాప్ స్టీరియోకు రెండు ఛానెళ్లు. మొత్తం పదహారు.

బెహ్రింగర్ ఎక్స్ఆర్-12లో మైకు ప్రీయాంపులు (మైకు సన్నటి సిగ్నల్‌ను పెంచేవి) నాలుగే, మిగతా ఎనిమిదీ లైన్ ఇన్‌పుట్లు, అంటే లాప్‌టాప్ లాంటివాటి గట్టి సిగ్నల్‌కు. బుర్రకథకు సరిపోతుంది, బాగోతానికి కాదు. ఎక్స్ఆర్-16లో ప్రీయాంపులు ఎనిమిది, లైన్లు ఎనిమిది. పై లెక్కలో వైరు మైకులు ఎనిమిది, ఆరు కార్డ్‌లెస్ రిసీవర్లు, లాప్‌టాప్ కలిసి లైన్లు ఎనిమిది, అంటే కాగితం మీద సరిగ్గా సరిపోయింది. చిక్కు రిసీవర్ల దగ్గర వస్తుంది. చవకైన రెండు మైకుల కార్డ్‌లెస్ సెట్లలో చాలావాటికి పి-38 సాకెట్టు (పావు అంగుళం జాక్‌ది) ఒక్కటే ఉంటుంది, అందులో రెండు మైకులూ కలిసి వస్తాయి. రాజు గొంతు తగ్గిస్తే మంత్రి గొంతూ తగ్గుతుంది. విడివిడిగా కావాలంటే ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల) సాకెట్ల నుంచి తీసుకోవాలి. అవి మైకు లెవెల్‌లో ఇచ్చేవైతే లైన్ ఛానెల్లో శబ్దం పీలగా వస్తుంది, ఎందుకంటే అక్కడ ప్రీయాంప్ లేదు. ఒక్కో మైకుకు విడిగా లైన్ అవుట్ ఉన్న రిసీవర్లు మీ దగ్గరుంటే ఎక్స్ఆర్-16 చాలు. లేకపోతే పదహారు ప్రీయాంపులు, ఆరు ఆక్స్ అవుట్లు (స్టేజీ మీది మానిటర్ బాక్సులకు విడిగా శబ్దం పంపేవి) ఉన్న ఎక్స్ఆర్-18 తీసుకోండి. రిసీవర్లు మార్చే ఖర్చు కంటే అదే నయం.

ఒక తేడా చాలామంది కొన్నాక చూస్తారు. ఎక్స్ఆర్-18లో పెన్‌డ్రైవ్ పెట్టి పాట వేయడం కుదరదు. దాని యూఎస్‌బీ కంప్యూటర్‌కు కలపడానికి, 18 ఛానెళ్లు విడివిడిగా రికార్డు చేసుకోవడానికి. పెన్‌డ్రైవ్ సౌకర్యం 12, 16లలోనే ఉంది, అదీ వేవ్ (.wav) ఫైళ్లకు.

సౌండ్‌క్రాఫ్ట్ యూఐ-16 కూడా గట్టి పోటీయే. మైకు ఇన్‌పుట్లు పన్నెండు. యాప్ అక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి టాబ్లెట్ మొరాయిస్తే ఎవరి ఫోనైనా పనికొస్తుంది. కూత (ఫీడ్‌బ్యాక్) వేసే ఫ్రీక్వెన్సీని తానే పట్టి తగ్గించే డీబీఎక్స్ ఏఎఫ్ఎస్ అందులోనే ఉంది. నేల మైకులతో ఆడేవాళ్లకు అది నిజంగా పెద్ద అండ. అలెన్ అండ్ హీత్ సీక్యూ-18టీకి పెట్టె మీదే 7 అంగుళాల టచ్ తెర ఉంది, వైఫై పోయినా పని ఆగదు. డబ్బు ఉంటే అదే మేలు.

ఏది కొన్నా, ఆట చెడేది వైఫై దగ్గరే. ఎక్స్ఆర్ లోపలి వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. సాయంత్రం ఖాళీ మైదానంలో బ్రహ్మాండంగా పని చేస్తుంది. రాత్రి జనం నిండాక వందల ఫోన్లు అదే గాలిని పంచుకుంటాయి, మనుషుల ఒళ్లలోని నీరు సిగ్నల్‌ను మింగుతుంది, టాబ్లెట్ తెగిపోతుంది. అప్పుడు శబ్దం ఆగదు, చివరి సెట్టింగుల మీదే నడుస్తుంది. కానీ కూత మొదలైతే తగ్గించే దారి ఉండదు. అందుకని 5 గిగాహెర్ట్జ్ రౌటర్ విడిగా కొని, ల్యాన్ వైరుతో కలిపి, పెట్టె మీది స్విచ్చును ఈథర్నెట్‌కు మార్చాలి. రౌటర్‌ను నేల మీద పెట్టొద్దు. స్పీకర్ బాక్సు స్టాండుకు కట్టి తలల కంటే పైకి, రెండున్నర మీటర్ల ఎత్తున ఉంచాలి. పాస్‌వర్డ్ తప్పనిసరి, లేదంటే అదే యాప్ ఉన్న కుర్రాడు ఎవరైనా లోపలికి రాగలడు. టాబ్లెట్‌లో ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, తర్వాత వైఫై ఒక్కటే ఆన్ చేయాలి. లేకపోతే ఇంటర్నెట్ లేని వైఫైని వదిలేసి మొబైల్ డేటాకు దూకుతుంది. ఆపద్ధర్మంగా ఒక లాప్‌టాప్‌ను రౌటర్‌కు వైరుతో కలిపి స్టేజీ పక్కన తెరిచి ఉంచండి.

కరెంటు సంగతి. మిక్సర్, రౌటర్ రెండూ ఒకే చిన్న యూపీఎస్ మీద ఉండాలి, 600 వీఏది చాలు. మిక్సర్ ఒక్కదానికే పెట్టి రౌటర్‌ను వదిలేస్తే, జనరేటర్‌కు మారిన ప్రతిసారీ రౌటర్ మళ్లీ మొదలయ్యేదాకా చేతులు కట్టుకొని నిలబడాలి. లైట్ల డిమ్మర్లు ఉన్న లైను నుంచి సౌండుకు కరెంటు తీసుకోవద్దు, గుయ్యిమనే హమ్ వస్తుంది. లాప్‌టాప్ చార్జర్ పెట్టగానే హమ్ మొదలైతే లాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్యలో డీఐ బాక్సు (హమ్‌ను అడ్డుకునే చిన్న పెట్టె) వేయాలి.

సెట్టింగుల్లో రెండు విషయాలు. గొంతు మైకులన్నిటికీ 100 నుంచి 120 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకు కింది శబ్దాలను కోసేది) పెడితే గాలి మోత, స్టేజీ చెక్కల మీద గజ్జెల కాళ్ల దెబ్బలు తగ్గుతాయి. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందున్న జాగా 3 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి పాత్ర లోపలికి పోగానే మ్యూట్ చేయాలి. ఎక్స్ఆర్‌లోని ఆటోమిక్స్ (మాట్లాడుతున్న మైకును ఉంచి మిగతావాటిని తానే తగ్గించేది) సంభాషణలకు బాగుంటుంది, హార్మోనియం, మద్దెలలను మాత్రం అందులో కలపొద్దు. రంగానికొక స్నాప్‌షాట్ (అప్పటి సెట్టింగులన్నీ) దాచుకోవచ్చు, 64 దాకా పడతాయి. అయితే స్కోప్‌లో (స్నాప్‌షాట్ వేటిని మార్చాలో ఎంచుకునే చోట) ఇన్‌పుట్ గెయిన్‌ను, అంటే మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పేదాన్ని, తీసేయండి. నిన్న దేవరకొండలో పెట్టిన గెయిన్ ఇవాళ అచ్చంపేటలో రంగం మారగానే తిరిగొస్తే మైకు ఒక్కసారిగా కూస్తుంది.

కోఠి గుజరాతీ గల్లీలో కొంటే బిల్లు తీసుకొని, ఒక కండెన్సర్ మైకుతో ప్రతి ప్రీయాంప్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (అలాంటి మైకుకు మిక్సర్ నుంచి వచ్చే కరెంటు) వస్తుందో లేదో షాపులోనే చూడండి. ఫర్మ్‌వేర్, యాప్ అప్‌డేట్లు ఇంటి దగ్గరే ముగించి, టాబ్లెట్‌లో ఆటో అప్‌డేట్ ఆపేయండి.